లడ్డూ తినేసిన బాబు, వేలిముద్రల రిపోర్టు, ఇంకొన్ని ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా ఒకటే మాట ఉంది, "సైకాలజీ రీసెర్చ్‌లో తేలిందట కదా మేడం" అని. ఎవరో స్కూల్లో చెప్పారట, ఎవరో రీల్‌లో చూశారట, ఒకరైతే ఆఫీసు ట్రైనింగ్‌లో విన్నారట. అందుకని వేరే ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి పెట్టుకుని ఇవాళ ఇవే తీసుకున్నా.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు, యూకేజీ. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన స్పీచ్ ఇచ్చారు. అమెరికాలో పిల్లల ముందు ఒక స్వీటు పెట్టి, పావుగంట తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారంట, ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా సెటిలయ్యారంట, ఆగలేనివాళ్లు వెనకబడ్డారంట. ఇంటికొచ్చి నేనూ చేశాను, బందరు లడ్డూ ఒకటి ప్లేట్లో పెట్టి వంటింట్లోకి వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, తినేసి మూతి తుడుచుకుని కూర్చున్నాడు. మా ఆయన నవ్వేస్తున్నారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వీడికి కంట్రోల్ నేర్పడం ఎలా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు మీరు హాయిగా నిద్రపోండమ్మా. ఐదేళ్ల పిల్లాడు లడ్డూ చూసి తినేశాడు, అంతే జరిగింది.

ఆయన చెప్పింది మార్ష్‌మాలో టెస్టు గురించి, మార్ష్‌మాలో అంటే దూదిలా మెత్తగా ఉండే ఒక మిఠాయి. వాల్టర్ మిషెల్ అనే ప్రొఫెసర్ 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో మొదలుపెట్టాడు. అసలు ఆయనకి కావాల్సింది ఎవరు పెద్దయ్యాక గొప్పవాళ్లవుతారని కాదు, ఆగాల్సి వచ్చినప్పుడు పిల్లలు ఎలా ఆగుతారు, ఏం చేస్తే ఆగడం ఈజీ అవుతుంది అని చూశాడు. కొందరు పిల్లలు కళ్లు మూసుకున్నారు, కొందరు తమలో తాము పాటలు పాడుకున్నారు, స్వీటు మీద ఏదైనా కప్పేసి కనపడకుండా చేస్తే చాలాసేపు ఆగగలిగారు. తర్వాత ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లలో కొందరి మార్కులు తీసి చూస్తే ఎక్కువసేపు ఆగినవాళ్లకి బాగా వచ్చాయని 1990లో ఒక పేపర్ వచ్చింది, ఇక అక్కణ్ణుంచి ప్రపంచమంతా ఇదే కథ. కానీ ఆ మార్కుల లెక్కకి దొరికిన పిల్లలు వందమంది కూడా లేరు, అందరూ యూనివర్సిటీ చుట్టుపక్కల చదువుకున్న కుటుంబాల పిల్లలు. ఈ సంగతి స్పీచుల్లో ఎవరూ చెప్పరు.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావొనాన్ క్వాన్ అనే ముగ్గురు తొమ్మిది వందల మందికి పైగా పిల్లల మీద, అందులో తల్లికి డిగ్రీ లేని కుటుంబాల పిల్లల్ని ఎక్కువగా తీసుకుని మళ్లీ చూశారు. ఆగడానికీ పదిహేనేళ్ల వయసులో మార్కులకీ ఉన్న సంబంధం పాత లెక్కలో సగమే వచ్చింది, పైగా ఇంటి పరిస్థితి, తల్లి చదువు, చిన్నప్పటి తెలివితేటలు ఇవన్నీ లెక్కలోకి తీసుకునేసరికి ఆ సగంలో కూడా మూడింట రెండొంతులు పోయింది. 2024లో అదే పిల్లల్ని 26 ఏళ్ల వయసులో మళ్లీ చూస్తే చదువు, ఒంటి ఆరోగ్యం, ప్రవర్తన ఏదీ ఈ టెస్టుతో ముందుగా చెప్పేంత నమ్మకంగా లేదని తేలింది.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ఎక్కువ నచ్చింది 2013లో రాచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఒక చిన్న ప్రయోగం. 28 మంది పిల్లలు. ముందు ప్రతి పిల్లకీ పాత అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, "కాసేపు ఆగు, కొత్తవి, పెద్ద డబ్బా తెస్తా" అని ప్రయోగం చేసే ఆవిడ బయటికెళ్లింది. సగం మందికి నిజంగానే కొత్త డబ్బా తెచ్చి ఇచ్చింది, మిగతా సగం మందికి ఖాళీ చేతుల్తో వచ్చి "సారీ, లేవు, వీటితోనే వేసుకో" అంది. స్టిక్కర్ల దగ్గర కూడా మళ్లీ అదే చేసింది. ఆ తర్వాతే మార్ష్‌మాలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న గదిలో పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన గదిలో 3 నిమిషాలు. చివరిదాకా ఆగింది మొదటి గుంపులో 14 మందిలో 9 మంది, రెండో గుంపులో ఒకే ఒక్కరు. అదే వయసు పిల్లలు, అదే స్వీటు. పెద్దవాళ్లు చెప్పింది చేస్తారా లేదా అని పిల్లలు చూసుకుంటున్నారు, అదే తేడా. అలాగని మీరు మాట తప్పారని నేననట్లేదు, బాబు ఆ రోజు ఆకలి మీద ఉన్నాడేమో, అమ్మ పెట్టిన లడ్డూ తినడానికే కదా అనుకున్నాడేమో. ఇంట్లో అమ్మ ప్లేట్లో పెట్టిందంటే తినమనే కదా అర్థం.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2022లో జపాన్ పిల్లల్నీ అమెరికా పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. తిండి పెట్టినప్పుడు జపాన్ పిల్లలు చాలాసేపు ఆగారు, అదే గిఫ్ట్ ప్యాకెట్ పెడితే అమెరికా పిల్లలు ఎక్కువసేపు ఆగారు. ఎందుకంటే జపాన్‌లో అందరూ కూర్చున్నాకే తినడం అలవాటు, అమెరికాలో పుట్టినరోజుకీ క్రిస్మస్‌కీ గిఫ్టులు విప్పకుండా ఆగడం అలవాటు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ వాళ్లిల్లే గుర్తొచ్చింది, వినాయక చవితికి పొద్దున్నించీ ఉండ్రాళ్ల వాసన ఇల్లంతా వస్తున్నా నైవేద్యం అయ్యేదాకా మాలో ఒక్కరం ముట్టుకునేవాళ్లం కాదు, అంతమందిమి పిల్లలం వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూసేవాళ్లం. మీ బాబు కూడా ప్రసాదం కోసం ఆగుతాడు చూడండి. అది కంట్రోలే మరి. కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు, "సాయంత్రం పార్కుకి తీసుకెళ్తా" అంటే తీసుకెళ్లండి, కుదరకపోతే ఎందుకు కుదరలేదో వాడికి అర్థమయ్యేలా చెప్పండి. ఇంకోసారి ఆ టెస్టు మాత్రం పెట్టకండి.

ప్రశ్న: నమస్తే మేడం. మా బిడ్డ ఏడో తరగతి. ట్యూషన్ కాడ ఒకాయన వచ్చి పది వేళ్ల ముద్రలు తీసుకున్నడు, మెదడు టెస్టు అని చెప్పి మూడు వేలు కట్టించుకున్నరు. ముప్పై పేజీల రిపోర్టు ఇచ్చిన్రు. అండ్ల ఈ బిడ్డ విని నేర్చుకునే టైపు కాదు, చూసి నేర్చుకునే టైపు, లెక్కలు రావు, ఆర్ట్స్ దిక్కు పంపుర్రి అని రాసి ఉంది. బిడ్డ అది చదువుకుని నాకు లెక్కలు రావంట గదా నాన్నా అని పుస్తకం పక్కకు పెట్టింది. ఇది నిజమేనా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు కడుపు తరుక్కుపోయిందండి. ఆ రిపోర్టు తీసి పక్కన పడేయండి, పడేసే ముందు మీ పాపని కూర్చోబెట్టుకుని ఇది తప్పు, ఇందులో రాసింది నిజం కాదు అని మీ నోటితో చెప్పండి. ఇది ఇవాళే చేయాలి.

వేలి గీతల్ని చూసి తెలివి ఎంత ఉంది, ఏ సబ్జెక్టు వస్తుంది అని చెప్పే సైన్సు లేదు. వేలిముద్రలు కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి కాబట్టి మెదడుకీ వాటికీ లింకు ఉందని ఒక మాట చెప్పి అక్కణ్ణుంచి ముప్పై పేజీలు అల్లేస్తారు. రంగురంగుల గ్రాఫులు, పర్సెంటేజీలు చూసి మనం నమ్మేస్తాం. మూడు వేలు పోతే పోయాయి, పన్నెండేళ్ల పిల్ల నాకు లెక్కలు రావు అని ఒక నిర్ణయానికి వచ్చేసింది చూడండి, నాకు బాధంతా అక్కడే.

ఇక "చూసి నేర్చుకునే టైపు, విని నేర్చుకునే టైపు" అనేది. ఇది వేలిముద్రల వాళ్లే కాదు, బీఈడీ చదివిన టీచర్లు కూడా చెప్తారు, వినడానికి బావుంటుంది కూడా. దీని మీద 2008లో హెరాల్డ్ పాష్లర్, ఇంకో ముగ్గురు పేరున్న సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ మొత్తం ముందేసుకుని చూశారు. వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే, చూసే టైపు పిల్లకి బొమ్మలతో, వినే టైపు పిల్లకి మాటలతో చెప్తే నిజంగా మార్కులు పెరిగాయా అని. పెరిగాయని నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. పిల్లలకి ఒకటి ఇష్టం ఉండొచ్చు, నాకు బొమ్మలిష్టం అనొచ్చు, ఆ ఇష్టానికి తగ్గట్టు పాఠం చెప్తే ఎక్కువ వస్తుందని మాత్రం తేలలేదు. మ్యాపు ఎవరైనా చూసే నేర్చుకోవాలి, పద్యం రాగం ఎవరైనా వినే నేర్చుకోవాలి, అది సబ్జెక్టుని బట్టి ఉంటుంది.

మరి ఏది పనిచేస్తుందంటే, మన పెద్దవాళ్లు చేయించిందే, అప్పజెప్పించడం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ పిల్లలకి రెండు చిన్న పాఠాలు ఇచ్చారు. ఒకదాన్ని రెండోసారి కూడా చదివారు, ఇంకోదాన్ని ఒకసారి చదివాక కాగితం తిప్పేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠమే ఎక్కువ వచ్చింది, 81 శాతం, రెండోది 75. కానీ వారం ఆగి పెడితే తారుమారైంది, రెండుసార్లు చదివింది 42 శాతమే గుర్తుంది, చూడకుండా రాసింది 56. ఇది తర్వాత ఎంతమంది ఎన్ని చోట్ల చేసినా నిలబడింది, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా. వల్లె వేస్తున్నప్పుడు అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, పుస్తకం మూసి అప్పజెప్పమంటే తడబడతారు, ఆ తడబడుతూ గుర్తు తెచ్చుకునే కష్టం వల్లే పాఠం మనసులో కూర్చుంటుంది. కాబట్టి పాపకి రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, నోట్సు మూసేసి ఇవాళ లెక్కల క్లాసులో ఏం చెప్పారో మీకు చెప్పమనండి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, వింటే చాలు. రెండ్రోజులాగి అదే మళ్లీ అడగండి, వారం ఆగి ఇంకోసారి. ఒకేసారి మూడు గంటలు కూర్చోబెట్టేకన్నా ఇలా విడగొట్టి చేస్తేనే నిలుస్తుందని 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ తన మీద తనే ప్రయోగం చేసుకుని చెప్పాడు, ఇప్పటికీ అది తప్పని ఎవరూ చూపించలేకపోయారు.

ప్రశ్న: మా ఆఫీసులో ట్రైనింగ్‌కి వచ్చినాయన ఫోన్ల వల్ల మనిషి ఏకాగ్రత 8 సెకన్లకి పడిపోయిందని, గోల్డ్ ఫిష్‌కి 9 సెకన్లని చెప్పారు. నిజమేనాండి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కాదండి. ఆ అంకె 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా వాళ్ల మార్కెటింగ్ రిపోర్టులోంచి పాకింది, వాళ్లు కొలిచింది కాదు, ఇంకో వెబ్‌సైట్ నుంచి తీసుకున్నారు, వెనక్కి వెళ్లి వెతికితే దాని కింద ఏ ప్రయోగమూ లేదు. అసలు ఏకాగ్రతకి ఒకే అంకె ఉండదు, మీరే క్రికెట్ మ్యాచ్ మూడు గంటలు కదలకుండా చూస్తారు, పది నిమిషాల మీటింగ్‌లో దిక్కులు చూస్తారు. నిజంగా కొలిచింది గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసర్, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఒక స్క్రీన్ మీద ఎంతసేపు ఉంటున్నారని. 2004లో సగటున రెండున్నర నిమిషాలు ఉండేది, ఈమధ్య కాలంలో 47 సెకన్లకి వచ్చింది. అది అలవాటు మారడం, మెదడు చేప అయిపోవడం కాదు. నోటిఫికేషన్లు ఆపుకుంటే మీకే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మేడం, నేను ఎమ్మెస్సీ సైకాలజీ ఫస్టియర్. పవర్ పోజ్ మీద సెమినార్ ఇచ్చాను, చివర్లో ఒక సీనియర్ లేచి అదంతా తప్పని ఎప్పుడో తేలిపోయింది అన్నాడు. విల్ పవర్ అయిపోతుందనేది కూడా తప్పంట, హార్వర్డ్ ప్రొఫెసర్‌నే తీసేశారంట. ఇంట్లో మొదట్నించీ ఇది ఒక చదువా అంటూనే ఉన్నారు. నేను చదివేదంతా అబద్ధమైతే ఎందుకు మేడం చదవడం?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నీ బాధ నాకు తెలుసమ్మా, నేను పాఠం చెప్పిన వాటిల్లో కూడా కొన్ని ఇలాగే పోయాయి, వాటిని బోర్డు మీద రాసి పిల్లల చేత రాయించాను కూడా. అయినా నీకు ధైర్యం చెప్పగలను, కొంచెం ఓపిగ్గా చదువు.

నీ సీనియర్ చెప్పింది నిజమే. పవర్ పోజ్ 2010లో వచ్చింది, 42 మంది మీద. రెండు నిమిషాలు ఒళ్లు విప్పార్చుకుని ఠీవిగా ఉంటే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయన్నారు. 2015లో 200 మంది మీద చేస్తే ధైర్యంగా ఉన్నట్టు అనిపించింది అన్నారు గానీ హార్మోన్లు మారలేదు, ప్రవర్తనా మారలేదు. అందులో నాకు గొప్పగా అనిపించింది ఏంటంటే, మొదటి పేపర్ రాసిన ముగ్గురిలో మొదటి పేరున్న డేనా కార్నీ 2016లో తనే బయటికొచ్చి ఇది నిజమని నేనిప్పుడు నమ్మట్లేదు, నేనిక దీన్ని క్లాసులో చెప్పను అని రాసి పెట్టింది. తన పేరు మీద ఉన్న పేరున్న పేపర్ గురించి అలా చెప్పాలంటే ఎంత నిజాయితీ ఉండాలో ఆలోచించు. విల్ పవర్ సంగతి కూడా అంతే, 1998లో ముల్లంగి దుంపలు తిని కుకీలు ముట్టకుండా ఆగినవాళ్లు తర్వాత ఇచ్చిన పజిల్ తొందరగా వదిలేశారు, అంటే నిగ్రహం బ్యాటరీలా అయిపోతుందన్నారు. 2016లో 23 ల్యాబులు కలిసి రెండు వేల మందికి పైగా మనుషుల మీద చేస్తే తేడా దాదాపు సున్నా.

ఇదంతా 2011లో మొదలైందని చెప్పొచ్చు. ఆ ఏడాది కార్నెల్ యూనివర్సిటీలో డారిల్ బెమ్ అనే పెద్ద ప్రొఫెసర్ మనుషులకి భవిష్యత్తు ముందే తెలుస్తుందని తొమ్మిది ప్రయోగాలతో పేపర్ రాస్తే పెద్ద జర్నల్‌లోనే అచ్చయింది. అందరూ వాడే పద్ధతులే ఆయనా వాడాడు, ఆ పద్ధతుల్తో ఇలాంటిది కూడా నిరూపించొచ్చంటే మిగతావాటి సంగతేంటని భయం పట్టుకుంది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో డిడెరిక్ స్టాపెల్ అనే ప్రొఫెసర్ డేటా అంతా ఇంట్లో కూర్చుని తనే రాసుకుంటున్నాడని దొరికాడు, పట్టించింది ఆయన దగ్గరి కుర్ర రీసెర్చర్లే, చివరికి ఆయన పేపర్లు 58 వెనక్కి తీసుకున్నారు. 2015లో బ్రయాన్ నోసెక్ నాయకత్వంలో 270 మంది దాకా కలిసి 100 పాత ప్రయోగాల్ని మళ్లీ చేశారు. మొదటిసారి 97 శాతం పాసైనవి, రెండోసారి 36 శాతమే పాసయ్యాయి. ఆ రోజు ఆ పేపర్ చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక హార్వర్డ్ విషయం. అది తెలుసుకోవాలంటే ఒక కారు ఇన్సూరెన్స్ ఫైలు గురించి చెప్పాలి. 2012లో ఒక పేపర్ వచ్చింది, ఫారం కింద కాకుండా పైన ముందే సంతకం పెట్టిస్తే మనుషులు నిజం చెప్తారని. అందులో ఒక ప్రయోగానికి దాదాపు 13 వేల ఇన్సూరెన్స్ పాలసీల డేటా వాడారు, కారు ఎన్ని మైళ్లు తిరిగిందో ఓనర్లు రాసిన లెక్క. 2021లో డేటా కొలాడా అనే పేరుతో రాసే ముగ్గురు ప్రొఫెసర్లు, యూరి సైమన్‌సన్, లీఫ్ నెల్సన్, జో సిమన్స్, ఆ ఎక్సెల్ షీట్ తెరిచి చూశారు. మామూలుగా అయితే ఎక్కువమంది మధ్యస్థంగా తిరుగుతారు, చాలా తక్కువ తిరిగేవాళ్లు, చాలా ఎక్కువ తిరిగేవాళ్లు కొందరే ఉంటారు. ఇక్కడేమో సున్నా నుంచి 50 వేల మైళ్ల దాకా అన్ని చోట్లా సమానంగా ఉన్నారు, 50 వేలు దాటినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకా దగ్గరికెళ్లి చూస్తే అంకెల్లో సగం ఒక ఫాంట్‌లో, సగం ఇంకో ఫాంట్‌లో ఉన్నాయి, కాలిబ్రి ఒకటి, కేంబ్రియా ఒకటి. ఒక ఫాంట్‌లో ఉన్న అంకెకి కాస్త కలిపి రెండో ఫాంట్‌లో నకలు తయారుచేసినట్టుంది. చేతి రాత తేడాతో దొంగ దస్తావేజు పట్టుకున్నట్టే. మనుషులు నిజం చెప్పడం గురించి రాసిన పేపర్‌లోనే ఇలా జరిగింది, ఆ ఏడాదే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ డేటా తెచ్చిన డాన్ ఏరియలీ తాను మార్చలేదన్నారు.

అదే పేపర్‌లో ఇంకో ప్రయోగం హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఫ్రాన్సెస్కా జీనోది. 2023 జూన్‌లో ఆ ముగ్గురే ఆవిడ నాలుగు పేపర్ల డేటాలో మార్పులున్నాయని బయటపెట్టారు, హార్వర్డ్ తన సొంత విచారణ చేసి ఆవిణ్ణి సెలవు మీద పంపింది, ఆవిడ నేనేమీ తప్పు చేయలేదని హార్వర్డ్ మీదా ఈ ముగ్గురి మీదా కలిపి రెండున్నర కోట్ల డాలర్లకి కేసు వేశారు. ఆ ముగ్గురి దగ్గర లాయర్ల ఖర్చుకి డబ్బెక్కడిది, దేశదేశాల సైకాలజిస్టులు తలా కొంత చందా వేసుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో పరువునష్టం వాదనల్ని జడ్జి కొట్టేశారు. 2025 మేలో హార్వర్డ్ ఆవిడ టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ హక్కు, తీసేసింది. ఆవిడ ఇప్పటికీ కాదనే అంటున్నారు.

ఇప్పుడు నువ్వడిగిన దానికొస్తా. వీటిల్లో చాలావాటిని పట్టుకున్నది బయటివాళ్లు కాదు చూడు. పట్టుకున్నవాళ్లు, మళ్లీ చేసినవాళ్లు, చందాలు వేసుకున్నవాళ్లు ఎక్కువమంది సైకాలజీ వాళ్లే. మా ఇల్లు మేమే ఊడ్చుకుంటాం అని కూర్చున్నవాళ్లు ఈ చదువులో ఇంతమంది ఉన్నారు. 2013లో కార్టెక్స్ అనే జర్నల్‌లో క్రిస్ చాంబర్స్ ఒక కొత్త పద్ధతి పెట్టించాడు, రిజిస్టర్డ్ రిపోర్ట్ అంటారు. ప్రయోగం చేయకముందే నేను ఇది అడగబోతున్నా, ఇంతమంది మీద చేస్తా, లెక్క ఇలా కడతా అని రాసి పంపితే జర్నల్ అప్పుడే ఒప్పుకుంటుంది, ఫలితం ఏదొచ్చినా అచ్చేస్తుంది. 2021లో లెక్కేస్తే మామూలు పేపర్లలో 96 శాతం మేమనుకున్నదే నిజమైంది అని చెప్తున్నాయి, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో అది 44 శాతమే. ఈ రెండు అంకెలు నీ నోట్సులో మొదటి పేజీలో రాసుకో.

పైగా మళ్లీ చేసినప్పుడు అన్నీ పోలేదు. నవ్వు మొహం పెడితే మనసు కూడా కాస్త తేలికపడుతుందా అన్నది 1988 నాటి ప్రశ్న, 2016లో 17 ల్యాబుల్లో ఫెయిలైంది, 2022లో 19 దేశాల్లో 3,878 మంది మీద, నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే టీములో కూర్చుని ముందే పద్ధతి ఒప్పుకుని చేస్తే కొంచెం నిజమేనని వచ్చింది, పళ్ల మధ్య పెన్ను పెట్టించే పాత పద్ధతి మాత్రం గట్టిగా తేలలేదు. అప్పజెప్పడం గురించి పైన వరంగల్ ఆయనకి చెప్పింది నిలబడింది. కాబట్టి నీ సెమినార్ మళ్లీ ఇవ్వు తల్లీ. పవర్ పోజ్ మీదే ఇవ్వు, 2010 నుంచి 2016 దాకా ఏం జరిగిందో చెప్పు. నాకు తెలిసి అంతకన్నా మంచి సెమినార్ ఉండదు.

ప్రశ్న: ఒక స్థాయి దాటాక డబ్బు పెరిగినా సంతోషం పెరగదని సైంటిస్టులే తేల్చారని మా అబ్బాయితో నా వాదన. రిటైరైనవాణ్ణి, తీర్పు మీరే చెప్పాలి.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ అబ్బాయి పక్షానే ఎక్కువ మొగ్గు ఉందండి, ఏమనుకోకండి. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ ఏడాదికి 75 వేల డాలర్ల దగ్గర రోజువారీ సంతోషం ఆగిపోతుందన్నారు. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే యువకుడు 33 వేల మందికి ఫోన్లో అప్పుడప్పుడూ "ఈ క్షణం ఎలా ఉన్నారు" అని అడిగి, ఆగట్లేదు, పెరుగుతూనే ఉందన్నాడు. కానెమన్‌కి అప్పటికే నోబెల్ వచ్చి దాదాపు ఇరవయ్యేళ్లు, వయసు ఎనభై దాటింది, అయినా ఆ కుర్రాణ్ణి కొట్టిపారేయకుండా కలిసి చూద్దాం రా అన్నాడు. బార్బరా మెల్లర్స్ అనే ప్రొఫెసర్‌ని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. 2023లో ముగ్గురూ కలిసి రాసిందేంటంటే, ఎక్కువమందికి పెరుగుతూనే ఉంటుంది, బాగా దిగులుగా ఉండే ఓ 20 శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దాకా పెరిగి ఆగిపోతుంది, వాళ్ల దిగులు డబ్బుతో తీరేది కాదు కాబట్టి. ఇవి అమెరికా లెక్కలు, మన రూపాయల్లోకి మార్చుకుని చూడకండి. ఆ మరుసటి ఏడాది, 2024 మార్చిలో, కానెమన్ చనిపోయారు. చివరిదాకా తన మాట తనే సరిదిద్దుకుంటూ ఉన్న మనిషి.

ప్రశ్న: మేడం, ఈ రీసెర్చ్‌లన్నీ తెల్లవాళ్ల మీదే కదా. మాలాంటి ఊళ్లల్లో మనుషులకి పనికొచ్చేది ఏమన్నా ఉందా? మా అమ్మకి 58 ఏళ్లు, నాన్న పోయిన దగ్గర్నుంచి ఆరేడు నెలలుగా సరిగ్గా తినదు, మాట్లాడదు. రోజూ మల్లెపూలు కోసి మాల కట్టి గుడికి పంపేది, ఇప్పుడు చెట్టు కింద పూలు రాలిపోయి ఉంటున్నా చూడదు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే నాకు పిచ్చా అంటుంది.
— ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సరైన ప్రశ్న అడిగావమ్మా. 2008లో ఒకాయన పెద్ద సైకాలజీ జర్నళ్లు లెక్కేస్తే వాటిల్లో ప్రయోగాలకి కూర్చున్న మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య దేశాలవాళ్లే, ప్రపంచ జనాభాలో ఆ దేశాలు 12 శాతం. మన దగ్గర జరిగేవి తక్కువ, జరిగినా మనకి తెలియవు. మీ శ్రీకాకుళంలోనే 2002 నుంచి యంగ్ లైవ్స్ అనే స్టడీ నడుస్తోంది తెలుసా, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ ఇలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లల్ని చిన్నప్పట్నించీ పెద్దయ్యేదాకా వదలకుండా చూస్తూ వచ్చారు, ఎలా పెరిగారు, ఏం తిన్నారు, ఎక్కడ చదువు ఆపేశారు, మనసు ఎలా ఉంది అని.

మీ అమ్మగారికి పనికొచ్చేది మాత్రం గోవాలో జరిగింది. విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్టు, ఆయన టీము, పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గట్టి డిప్రెషన్ ఉన్న 495 మందిని తీసుకున్నారు. డాక్టర్లు సరిపోరు కాబట్టి ఊళ్లో మామూలు మనుషులకే, ఏ సైకాలజీ డిగ్రీ లేనివాళ్లకి, ట్రైనింగ్ ఇచ్చి పంపారు. వాళ్లు వారానికోసారి, ఆరు నుంచి ఎనిమిది సార్లు, కొన్నిసార్లు ఇంటికే వెళ్లి కూర్చుని మాట్లాడారు. చేసింది చాలా సింపుల్‌గా ఉంటుంది. మనసు బాగుపడ్డాక పనులు మొదలుపెడతాం అని మనం అనుకుంటాం, వాళ్లు తిరగేశారు, ముందు ఒక చిన్న పని, ఎంత చిన్నదంటే కాదనలేనంత చిన్నది, అది చేశాక మనసు కొంచెం కదులుతుంది, అప్పుడు ఇంకొకటి. మూడు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం మంది తేరుకున్నారు, ఇలా మాట్లాడినవాళ్లలో 64 శాతం. 2017లో లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మందులు వద్దని కాదు సుమా, అక్కడా అవసరమైనవాళ్లకి డాక్టర్ ఉన్నారు.

అమ్మని "పిచ్చి డాక్టర్" దగ్గరికి అని పిలవకు, తిండి తినట్లేదు, నీరసంగా ఉన్నావు, బీపీ షుగర్ చూపిద్దాం అని మీ ఆరోగ్య కేంద్రానికే తీసుకెళ్లు, అక్కడి డాక్టర్‌తో నిద్ర, తిండి, ఏడుపు అన్నీ విడిగా చెప్పు. ఆరు నెలలు దాటింది కాబట్టి ఇంక వాయిదా వేయకు. ఇవాళే నువ్వు 14416కి ఫోన్ చెయ్యి, అది కేంద్రం 2022 అక్టోబర్‌లో పెట్టిన టెలీ మానస్, ఫ్రీ, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నువ్వు కూడా మాట్లాడొచ్చు, నాన్న నీకూ పోయారు కదా. అమ్మ ఎప్పుడైనా బతకడం ఎందుకు అన్న మాట అంటే ఒంటరిగా వదలకు, వెంటనే చేసి చెప్పు.

ఇక ఆ మల్లెచెట్టు. మాల కట్టమని అడగకు, గుడికి రమ్మని కూడా అడగకు. రేపు సాయంత్రం చెట్టు దగ్గర మంచం వేసి అమ్మని అక్కడ కూర్చోబెట్టి నువ్వే పూలు కొయ్యి, "ఈ కొమ్మకి అందట్లేదమ్మా, కాస్త వంచి పట్టుకో" అను. అంతవరకే. పట్టుకుంటే ఆ రోజుకి చాలు, పట్టుకోకపోతే ఎల్లుండి మళ్లీ అడుగు. రెండు వారాలయ్యాక ఎలా ఉందో నాకు రాయి, పేరు వెయ్యను.